ఇంట్లో సెస్నా 172: హోమ్ సిమ్యులేటర్ చాలాకాలం వాడాక నా సమీక్ష

ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉండి, దగ్గర్లో ఫ్లయింగ్ క్లబ్ లేనివాళ్లకి ఇంటి సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో విమానం నడిపే ఏర్పాటు) పనికొస్తుందా అని మన జిల్లాల కుర్రాళ్లు తరచూ అడుగుతున్నారు. పనికొస్తుంది. దాని మీద పెట్టిన డబ్బు దండగైందని నాకెప్పుడూ అనిపించలేదు. కానీ ల్యాండింగులు బాగుపడతాయన్న ఆశతో కొనేవాళ్లకి ముందే చెబుతున్నాను, అది జరగదు.

నేనుండేది విజయనగరం. ఇంట్లో నేను నడిపేది సెస్నా 172, నలుగురు పట్టే ఒంటి ఇంజిన్ చిన్న విమానం. ఎగరాలంటే రైలెక్కి వేరే రాష్ట్రంలోని క్లబ్‌కి వెళ్లాలి. ఇక్కడ చిన్న విమానానికి చోటేదీ? విశాఖలో ఉన్నది నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా. బాడంగిలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది గానీ ఏనాడో వాడుక పోయింది. భోగాపురం విమానాశ్రయం పెద్ద విమానాల కోసం కట్టింది. అందుకని ఒకసారి ఎగిరాక మళ్లీ ఎగిరేసరికి నెలలు గడిచిపోతాయి. ఆ విరామంలో చేతి నైపుణ్యం కంటే ముందు వరుస దెబ్బతింటుంది. ఏది చూశాక ఏది చూడాలి, ఏ స్పీడులో ఏం చెయ్యాలి, టవర్‌కి (విమానాశ్రయ కంట్రోలర్‌కి) ఏ మాట ముందు చెప్పాలి, ఇవన్నీ మసకబారిపోతాయి. సిమ్యులేటర్ నన్ను కాపాడుతున్నది ఈ విషయంలోనే.

నా దగ్గరున్న సామాను: ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డున్న డెస్క్‌టాప్, యోక్ (విమానం స్టీరింగ్), థ్రాటిల్ (ఇంజిన్ పవర్), మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్లు) నాబ్‌లున్న క్వాడ్రంట్, రడ్డర్ (తోక మీది చుక్కాని) తిప్పే కాలి పెడల్స్, తల కదలికను పట్టే వెబ్‌క్యామ్. సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌ప్లేన్ 12, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ రెండూ వాడుతున్నాను. కిందున్న నేలని చూసి దారి పట్టడం ప్రాక్టీస్ చెయ్యాలంటే మైక్రోసాఫ్ట్‌దే మేలు, శాటిలైట్ ఫొటోల మీద కట్టింది కాబట్టి మన ఊళ్లు గుర్తుపట్టేలా ఉంటాయి. దానికి నెట్ బాగుండాలి. విమానం చేతిలో ఎలా స్పందిస్తుందన్న విషయంలో నాకు ఎక్స్‌ప్లేన్ మీదే ఎక్కువ నమ్మకం.

ముందు పెడల్స్ కొనండి. చాలామంది యోక్ కొని, రడ్డర్‌ని ఆటోమేటిక్‌లో పెట్టేస్తారు. సెస్నాలో ఫుల్ పవర్ ఇచ్చి ముక్కు పైకెత్తితే విమానం ఎడమకి లాగుతుంది, కుడికాలు పని చెయ్యాలి. ఆ కాలికి నెలల తరబడి సెలవిస్తే నిజం విమానంలో కూడా అది కదలదు. ఇంకో సంగతి, మన సముద్రపు గాలి. నేను మొదట తెచ్చిన పెడల్స్ లోపల అరిగిపోయే రకం సెన్సార్ ఉండేది. తేమకి తుప్పుపట్టి, కాలు పెట్టకపోయినా రడ్డర్ అటూ ఇటూ వణికేది. కంపెనీ పేరు అనవసరం, ఆ ధరలో దొరికేవి చాలావరకూ అలాంటివే. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్ ఉన్నవి తీసుకుంటే రాపిడి ఉండదు, ఎక్కువకాలం మన్నుతాయి. యూపీఎస్ కూడా ఉండాలి, తుపాను రోజుల్లో మన కరెంటు సంగతి తెలిసిందే.

నేను ఎక్కువగా చేసేది ఇంజిన్ ఫెయిల్యూర్ ప్రాక్టీస్. సిమ్యులేటర్‌లో ఎప్పుడైనా ఇంజిన్ ఆగేలా సెట్ చేసుకోవచ్చు, అది ఎప్పుడు ఆగుతుందో మనకి తెలియదు. ఆగిన వెంటనే ముక్కు దించి 68 నాట్లు (గంటకి నాటికల్ మైళ్లు) పట్టాలి, ఫుల్ వెయిట్‌లో 172ఎస్ మోడల్‌కి బెస్ట్ గ్లైడ్ (ఇంజిన్ లేకుండా ఎక్కువ దూరం జారే వేగం) అదే. గాలి లేకపోతే వెయ్యి అడుగుల ఎత్తుకి సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు వెళ్తుంది. దిగే చోటు ఎంచుకున్నాకే రీస్టార్ట్: ఫ్యూయల్ షటాఫ్ లోపలికి నొక్కి ఉందా, ట్యాంక్ సెలెక్టర్ బోత్‌లో (రెండు ట్యాంకులూ) ఉందా, పంప్ ఆన్, మిక్స్చర్ రిచ్, మాగ్నెటోలు (ఇంజిన్‌కి స్పార్క్ ఇచ్చేవి) బోత్. నేను దీన్ని నోటితో పైకి చెబుతూ, చేత్తో ముట్టుకుంటూ చేస్తాను. ఇంట్లోవాళ్లకి మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది. మొన్న క్లబ్‌లో ఇన్‌స్ట్రక్టర్ చెప్పకుండా థ్రాటిల్ వెనక్కి లాగేసినప్పుడు నా చెయ్యి దానంతటదే ట్రిమ్ (యోక్ మీది ఒత్తిడి తగ్గించే చక్రం) వైపు వెళ్లింది. టెన్షన్ లేదనను, వరుస మాత్రం తప్పలేదు.

ఈ ప్రాక్టీస్ సిమ్యులేటర్‌లో మన ఊళ్ల మీదే చెయ్యండి. దిగే చోటు ఎంచుకోవడం అప్పుడే బాగా అర్థమవుతుంది. చీపురుపల్లి, ఆమదాలవలస వైపు వరిపొలాలు చూసి ఎక్కడైనా దిగొచ్చు అనిపిస్తుంది. కానీ స్క్రీన్ మీది పొలం ఏదో ఒక రోజు తీసిన ఫొటో. ఖరీఫ్‌లో అది నీళ్లతో నిండి ఉంటుంది, సంక్రాంతి నాటికి కోతలైపోయి గట్టినేల అవుతుంది. పైగా సిమ్యులేటర్‌లో గట్లు కనబడవు. ముందు చక్రం గట్టుకి తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు, అందుకే గట్టుకి అడ్డంగా కాకుండా గట్టు వెంబడి దిగేలా ప్లాన్ చేస్తాను. కరెంటు తీగలూ అంతే, ఉన్నాయనుకునే ఎంచుకోవాలి. పలాస దాటి ఉద్దానంలోకి వెళ్తే లెక్క మారిపోతుంది. కింద కొబ్బరి, జీడితోటలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. అక్కడ ఇంజిన్ ఆపి చూస్తే, తీరం అందేటంత ఎత్తులో లేకపోతే ఎంత ఇరుకున పడతామో తెలుస్తుంది. అప్పటి నుంచీ ఏ ఊళ్లో ఎగిరినా తోటల మీద ఇంకో వెయ్యి అడుగులు ఎక్కువ పెట్టుకోవడం నాకు అలవాటైంది.

మ్యాప్ చదవడానికి కూడా మన జిల్లాలు మంచి బడి. విజయనగరం జంక్షన్‌లో రాయపూర్ లైను బొబ్బిలి, పార్వతీపురం వైపు చీలుతుంది, హౌరా లైను శ్రీకాకుళం రోడ్, నౌపడ మీదుగా ఇచ్ఛాపురం పోతుంది. నాగావళి, వంశధార దాటామా లేదా, కళింగపట్నం లైట్‌హౌస్ ఎటు పక్కుంది, గొట్టా బ్యారేజీ ఎక్కడ? జీపీఎస్ ఆపేసి, స్టాప్‌వాచ్ పెట్టి ఎగరండి. విశాఖ నుంచి కళింగపట్నం అరవై నాటికల్ మైళ్ల పైచిలుకు, 110 నాట్లకి ముప్పావు గంట లోపే. ఉత్తరాన మహేంద్రగిరి 1,501 మీటర్లు, అంటే దాదాపు 4,900 అడుగులు. మబ్బు కమ్మిన రోజు సెట్ చేసుకుని అటువైపు వెళ్లి చూస్తే, కనీస ఎత్తు లెక్క ఎందుకు వెయ్యాలో పుస్తకం చెప్పినదానికంటే బాగా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త. సిమ్యులేటర్‌లో ఎవరినీ అడక్కుండా ఎగిరేస్తాం. నిజంగా మన దేశంలో ఫ్లైట్ ప్లాన్ వేసి, ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్), ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్లు తీసుకోకుండా బయల్దేరడానికి లేదు. ఇంట్లో కూడా ఆ ఫ్లైట్ ప్లాన్ కాగితం రాసే మొదలుపెడతాను.

రేడియో కోసం ఆమదాలవలసలో నాలాగే లైసెన్స్ తీసుకున్న తమ్ముడొకడు సాయం. ఫోన్ స్పీకర్‌లో పెట్టి వాడు టవర్ అవుతాడు. వాడు చెప్పినదాన్ని నేను సగమే తిరిగి చెప్పి ఊరుకుంటే, "అన్నయ్యా, క్యూఎన్‌హెచ్ కూడా చెప్తేనే ముందుకు పంపిస్తాను" అంటాడు. క్యూఎన్‌హెచ్ అంటే ఆల్టీమీటర్‌లో పెట్టాల్సిన గాలి పీడనం. మరోరోజు నేను టవర్. వాట్‌సిమ్ అనే ఆన్‌లైన్ సిమ్యులేటర్ నెట్‌వర్క్‌లో వలంటీర్లు కంట్రోలర్లుగా కూర్చుంటారు, అది ఉచితం, క్రమశిక్షణ కూడా ఎక్కువే. మన వైపు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారన్న భరోసా లేదు గానీ, ఉన్నప్పుడు తప్పకుండా వాడుకోండి.

ఎండాకాలం లెక్క కూడా ఇంట్లోనే చూసుకోవచ్చు. సముద్రమట్టంలో 40 డిగ్రీలుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (పలచబడ్డ గాలి విమానానికి ఎంత ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుందో ఆ లెక్క) సుమారు మూడు వేల అడుగులు. 172ఎస్ హ్యాండ్‌బుక్ ప్రకారం ఫుల్ వెయిట్‌లో 50 అడుగుల అడ్డంకి దాటడానికి సున్నా డిగ్రీల దగ్గర 1,465 అడుగుల దూరం చాలు, 40 దగ్గర 1,945 కావాలి. ఉష్ణోగ్రత మార్చి రెండుసార్లూ టేకాఫ్ చేసి చూడండి, ఎక్కే వేగంలో తేడా కళ్లకి కడుతుంది. అదే మే నెలలో, ఇప్పుడే ఆపిన వేడి ఇంజిన్‌ని మళ్లీ స్టార్ట్ చెయ్యడంలో ఉండే తంటా మాత్రం ఇంట్లో తెలియదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో గొట్టాల్లో పెట్రోలు ఆవిరైపోయి మొరాయిస్తుంది. సిమ్యులేటర్‌లో తాళం తిప్పగానే లేస్తుంది.

ఇక రానిదేమిటి? ఫ్లేర్, అంటే నేలని తాకే ముందు ముక్కు కాస్త ఎత్తి మెల్లగా దించడం. చివరి ఇరవై అడుగుల్లో నేల దగ్గరవుతున్నట్టు కంటి చివరతో తెలియాలి, ఒంటికి తెలియాలి. యోక్ బరువెక్కడం, సీటు కిందికి జారడం, స్టాల్ (రెక్కలకి లిఫ్ట్ పోవడం) ముందు వణుకు, ఇవేవీ స్ప్రింగుల యోక్‌లో ఉండవు. ట్రిమ్ కూడా చేతి ఒత్తిడితో కాకుండా అంకెలు చూసి వెయ్యాల్సి వస్తుంది. దాంతో కళ్లు పానెల్‌కి అతుక్కుపోతాయి, ఇది నిజంగా చెడ్డ అలవాటు. బేస్ నుంచి ఫైనల్‌కి, అంటే రన్‌వేకి ఎదురుగా వచ్చే చివరి దారికి, తిరిగేటప్పుడు తల తిప్పి రన్‌వే చూడాలి కదా, అందుకే వెబ్‌క్యామ్ హెడ్ ట్రాకింగ్ పెట్టాను. ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. స్పీడ్ ఇండికేటర్ మీద కాగితం అంటించి సర్క్యూట్లు (టేకాఫ్ చేసి, రన్‌వే చుట్టూ తిరిగి వచ్చి దిగడం) చెయ్యడం కూడా కొంత మేలు చేసింది.

ఈ గంటలు లాగ్‌బుక్‌లోకి ఎక్కవు. క్లబ్‌కి వెళ్లినప్పుడు మొదటి సర్క్యూట్లు ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకునే చేస్తాను, ఎవరైనా అలాగే చెయ్యాలి. కాకపోతే ఆ గంటకి కట్టే డబ్బు ఇప్పుడు చెక్‌లిస్ట్ వెతుక్కోవడానికి పోదు, మొత్తం ల్యాండింగుల మీదకే వెళ్తుంది.

బడ్జెట్ తక్కువుంటే: మంచి పెడల్స్, సెకండ్‌హ్యాండ్ యోక్, ఉన్న కంప్యూటర్‌లో నడిచేంత సెట్టింగులతో ఎక్స్‌ప్లేన్. రెండో మానిటర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. మీ క్లబ్ విమానంలో గుండ్రటి డయల్స్ ఉంటే ఇంట్లోనూ అవే పెట్టండి, గ్లాస్ కాక్‌పిట్ (డయల్స్ బదులు స్క్రీన్లు) ఉంటే అదే. చెక్‌లిస్ట్ కూడా నెట్‌లో దొరికింది కాకుండా ఆ విమానందే జిరాక్స్ తీయించుకుని తెచ్చుకోండి.