బట్ట రంగు మీద పట్టింపు ఉన్నవాళ్ళ కోసం: కలర్‌చెకర్ పాస్‌పోర్ట్ ఫొటో 2

వేరే ఉద్యోగం మానేసి ఫ్యాషన్ ఫొటోగ్రఫీలోకి వచ్చేవాళ్ళు ముందు లెన్సుల గురించే అడుగుతారు. నేనైతే కెమెరా, ఒక మంచి లెన్సు సమకూరాక తర్వాతి డబ్బు, ఫొటోలో రంగులు అసలు బట్టలాగే రావడానికి వాడే ఈ చిన్న ప్లాస్టిక్ పెట్టె మీద పెట్టమంటాను. జేబులో పడుతుంది. చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు.

నేను ఇంతకుముందు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసేదాన్ని. రోజంతా షేడ్లతోనే పని. అద్దకం నుంచి వచ్చిన ముక్కనూ, బయ్యర్ ఒప్పుకున్న శాంపిల్ ముక్కనూ లైట్ బాక్సులో పక్కపక్కన పెట్టేవాళ్ళం. ముందు డీ65, అంటే 6500 కెల్విన్ పగటి వెలుతురు. తర్వాత షాపుల్లో వాడే టీఎల్84 ట్యూబు. ఆఖరున పసుపు వెలుతురిచ్చే బల్బు. పగటి వెలుతురులో తేడా తెలియని రెండు ముక్కలు ట్యూబు కింద విడిపోతాయి. మెటామెరిజం అనే ఈ తలనొప్పి అద్దకం వాళ్ళందరికీ తెలుసు. కెమెరా సెన్సర్ కూడా మన కన్నులా రంగు చూడదు కాబట్టి, షూట్‌లో ఇదే గొడవ ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఊదా రంగు గౌను తెర మీద నీలంగా కనిపిస్తే నా పాత ఉద్యోగపు కళ్ళు ఊరుకోవు. కొన్నవాళ్ళు రంగు వేరేగా ఉందని ఆ గౌను తిప్పి పంపితే నష్టం క్లయింట్‌దే.

పెట్టె తెరిస్తే 24 రంగుల గళ్ళ చార్టు ఉంటుంది. 1976లో మాక్‌బెత్ కలర్‌చెకర్ పేరుతో వచ్చిన చార్టే ఇది, చిన్న సైజులో. ఆరు గళ్ళు తెలుపు నుంచి నలుపు దాకా మెట్లుమెట్లుగా ఉంటాయి. మిగతావాటిలో రెండు మనుషుల ఒంటి ఛాయలు, ఒకటి ఆకాశం, ఒకటి ఆకు పచ్చ. వీటితో పాటు, తెలుపు తెలుపుగానే వచ్చేలా కెమెరాని సర్దే వైట్ బ్యాలెన్స్ పలక, ఎక్స్‌పోజర్ (ఫొటోకి ఎంత వెలుతురు కావాలో) చూసుకునే 18 శాతం గ్రే పలక ఉన్నాయి. ఫొటోకి కాస్త వెచ్చదనమో చల్లదనమో అద్దడానికి ఇంకొన్ని గళ్ళు కూడా ఇచ్చారు. వాటిని నేను పెద్దగా వాడను.

వాడకం సులువు. లైట్లు సర్దాక మోడల్ చేతికిచ్చి గడ్డం కింద పట్టుకోమంటాను. చార్టు మీద మెయిన్ లైటు సమంగా పడాలి, మెరుపు రాకూడదు, తెల్ల గడి వెలుతురు ఎక్కువై పేలిపోకూడదు. రా ఫైల్లో, అంటే కెమెరా ఇంకా ఏ మార్పూ చేయని ఫైల్లో, ఒక్క ఫ్రేము చాలు. దాన్ని సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే ఆ కెమెరాకి, ఆ వెలుతురుకి ప్రొఫైల్, అంటే రంగులు సరిదిద్దే ఫైలు, తయారవుతుంది. దాన్ని ఆ సెటప్‌లో తీసినవాటన్నిటికీ వేసేయొచ్చు. లైటు మారినా, ఆరుబయట ఎండ మబ్బు చాటుకి వెళ్ళినా మళ్ళీ ఒక ఫ్రేము తీయాల్సిందే. దూరం నుంచి నిలువెత్తు ఫ్రేములో తీస్తే గళ్ళు మరీ చిన్నవైపోతాయి, అందుకే నేను దగ్గరికెళ్ళి తీస్తాను. స్టైలిస్ట్ తొందరపెట్టినా ఈ అర నిమిషం వదులుకోను.

దీనివల్ల కాని పనులూ ఉన్నాయి. ఒక వైపు కిటికీ వెలుతురు, ఇంకో వైపు బల్బు ఉంటే ఏ ప్రొఫైలూ రెండిటినీ ఒకేసారి సరిచేయలేదు. బల్బు ఆర్పడమే దారి. తెల్ల చొక్కాలకి మెరుపు కోసం ఆప్టికల్ బ్రైట్‌నర్ వేస్తారు. అది అతినీలలోహిత కిరణాలకి నీలంగా వెలుగుతుంది. చార్టుకి ఆ సంగతి తెలియదు కాబట్టి చొక్కాలో ఆ నీలిఛాయ అలాగే ఉండిపోతుంది. కొన్ని అద్దకాల విషయంలోనూ అంతే. అలాంటి బట్టలకి స్వాచ్, అంటే నమూనా ముక్క, అడిగి తెప్పించుకుని, పగటి వెలుతురులో పక్కన పెట్టుకుని ఆ ఒక్క రంగునే చేత్తో సరిదిద్దుతాను. ఎడిట్ చేసే మానిటర్ రంగులు సరిగ్గా చూపేలా కాలిబ్రేట్ అయి ఉండకపోతే ఈ శ్రమంతా వృథా.

మూడ్ కోసం రంగులు పూర్తిగా మార్చేసే ఎడిటోరియల్స్ (పత్రికల ఫ్యాషన్ ఫొటోలు) మాత్రమే చేసేవాళ్ళకి ఇది అంత అవసరం పడదు. కేటలాగ్, లుక్‌బుక్ (బ్రాండు కొత్త బట్టలు చూపే ఆల్బమ్) పనులతో మొదలుపెట్టేవాళ్ళు, ముఖ్యంగా కుట్టు, నేత, అద్దకం పనుల నుంచి వచ్చినవాళ్ళు తప్పకుండా కొనండి. షేడ్ గురించి మీకు ముందే తెలిసినదంతా ఇక్కడ నేరుగా పనికొస్తుంది. గళ్ళని వేళ్ళతో ముట్టుకోవద్దు, పని అవగానే మూసేయండి, ఎండలో వదిలేయొద్దు. రంగులు కాలంతో వెలిసిపోతాయి కాబట్టి కొన్నేళ్ళకి కొత్తది తీసుకోక తప్పదు.