ఇమ్యునాలజీ జిరాక్స్ నోట్స్: కొనొచ్చు, కానీ రిసెప్టర్ల చాప్టర్ తెరిచి చూశాకే

మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో ఒక జిరాక్స్ షాపులో (పేరెందుకులెండి) నర్సింగ్, ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ) పిల్లల కోసం ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) నోట్స్ స్పైరల్ బైండింగ్ చేసి 140 రూపాయలకు అమ్ముతున్నారు. ఎవరో సీనియర్ చేత్తో రాసిన నోట్స్‌కు కాపీ అది. డ్యూటీ చేసుకుంటూనే ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కు చదువుతున్నా కాబట్టి నేనూ ఒకటి తీసుకున్నా.

కాంప్లిమెంట్ రిసెప్టర్ల చాప్టర్ ఒక్కదానికే ఆ డబ్బులు ఇవ్వొచ్చు. కాంప్లిమెంట్ అంటే క్రిములతో పోరాడే రక్తంలోని ప్రొటీన్ల గుంపు, రిసెప్టర్లంటే వాటిని పట్టుకునే కణాల మీది కొక్కేలు. కాలేజీలో మాకు కాంప్లిమెంట్ పనిచేయడం మొదలయ్యే మూడు పాత్‌వేలు (దారులు) బట్టీ పట్టించి, చివరికి క్రిమికి రంధ్రం పడి చస్తుందని ముగించారు. న్యుమోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాకు గోడ మందం, ఆ రంధ్రం పడదు. దాన్ని తెల్లరక్తకణం మింగాల్సిందే, మింగాలంటే పట్టు దొరకాలి. నోట్స్‌లో ఆ బొమ్మ బాగా వేశారు: గడపకు బొట్లు పెట్టినట్టు బ్యాక్టీరియా చుట్టూ సీ3బీ (క్రిమికి అంటుకునే కాంప్లిమెంట్ ముక్క) చుక్కలు, ఎదురుగా న్యూట్రోఫిల్ అనే తెల్లకణం మీద సీఆర్1, సీఆర్3 రిసెప్టర్లు. పక్కన ఒక ఎర్రకణం కూడా ఉంది. దాని మీదా సీఆర్1 ఉంటుంది, యాంటీజెన్-యాంటీబాడీ ముద్దలను (బయటి పదార్థం, దాన్ని పట్టిన ప్రొటీన్ కలిసినవి) తగిలించుకుని కాలేయానికి, ప్లీహానికి చేరవేస్తుంది. ఇది మామూలు గైడుల్లో కనిపించదు.

నాకు బాగా పనికొచ్చింది సీడీ18 అనే ప్రొటీన్ పేజీ. సీఆర్3లో సగభాగం అదే. అది లోపించి పుట్టిన పిల్లలకు బొడ్డుతాడు ఆలస్యంగా రాలుతుంది, ఇన్ఫెక్షన్ వచ్చినా చీము పట్టదు, రక్తపరీక్షలో మాత్రం తెల్లకణాలు విపరీతంగా ఉంటాయి. కణాలు రక్తనాళం దాటి బయటికి రాలేవు మరి. చాలా అరుదైన జబ్బే, బొడ్డు రాలడం కాస్త లేటైతే టెన్షన్ పడక్కర్లేదు. అయినా చెకప్‌కు వచ్చిన బాలింతలను "బొడ్డు ఎప్పుడు ఊడిందమ్మా" అని ఇప్పుడు తప్పకుండా అడుగుతున్నా.

ఇక లోపం. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి తీసి సన్నటి అక్షరాలు ఎగిరిపోయాయి. సీఆర్1 ముఖ్యంగా పట్టేది సీ3బీని. ఫ్యాక్టర్ ఐ అనే ఎంజైమ్ దాన్ని కోశాక మిగిలే ఐసీ3బీని పట్టేది సీఆర్3. ఐసీ3బీ ముందున్న ఆ చిన్న ఐ పేజీలో ఎక్కడా పడలేదు! కొత్తగా చదివేవాళ్లు రెండు రిసెప్టర్లూ ఒకేదాన్ని పట్టుకుంటాయనుకుంటారు. షాపులో అడిగితే "ఒరిజినలే అట్లుంది మేడమ్" అన్నాడు.

న్యూట్రోఫిల్‌ను ఇన్ఫెక్షన్ ఉన్నచోటికి రప్పించే సీ5ఏ (ఇంకో కాంప్లిమెంట్ ముక్క) రిసెప్టర్‌కు రెండే లైన్లు. కాలేయంలోని కుఫర్ కణాల మీద ఉండి, రక్తంలో తిరిగే బ్యాక్టీరియాను పట్టే సీఆర్ఐజీ అనే రిసెప్టర్ ఊసే లేదు. అట్ట, బైండింగ్ గట్టివే.

ఐదుకు మూడున్నర. డబ్బులిచ్చే ముందు రిసెప్టర్ల పేజీలు తెరిచి చూడండి, మసగ్గా ఉంటే వేరే కాపీ ఇమ్మనండి. అడిగితే మారుస్తాడు, కాకపోతే కొంచెం సణుగుతాడు.