టి-72 ట్యాంకు: కొన్నవాళ్ల కాగితాలు, నడిపినవాళ్ల అనుభవం

టి-72 అని ఒకే వస్తువు లేదు. 1973లో సోవియట్ సైన్యం చేతికొచ్చిన 41 టన్నుల బండి వేరు. ఇరాక్‌కు అమ్మిన టి-72ఎం వేరు. చెన్నై దగ్గర ఆవడిలో 'అజేయ' పేరుతో తయారైన టి-72ఎం1 వేరు. ఇప్పుడు యుక్రెయిన్ పొలాల్లో కాలిపోతున్న 46 టన్నుల టి-72బి3 వేరు. పేరు ఒకటే కాబట్టి ఒకదాని తప్పు ఇంకోదానికి అంటగడుతుంటారు. 1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో 73 ఈస్టింగ్ అనే చోట అమెరికన్ల ముందు కుప్పకూలినవి ఎగుమతి రకాలు. చాలావాటి టరెట్ (ఫిరంగి ఉండి తిరిగే పై భాగం) ఒట్టి పోత ఉక్కు, వాటికిచ్చిన గుండ్లు పాత తరానివి. కొనేవాడు ముందు అడగాల్సింది బండి పేరు కాదు, ఆ పేరు వెనకున్న అక్షరాల సంగతి.

ఈ సమీక్ష ముఖ్యంగా టి-72బి3 మీద. దీన్ని రష్యన్లు నడిపారు, పట్టుబడ్డవాటిని యుక్రెయినియన్లూ నడిపారు. రెండు వైపుల ట్యాంకువాళ్లూ చెప్పే మంచి చెడులు ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంటాయి.

మంచితో మొదలుపెడదాం. టరెట్ పైకప్పు దాకా ఎత్తు 2.2 మీటర్ల చిల్లర. మొక్కజొన్న చేను వెనక నిలబెడితే కనపడదు. 60 టన్నులు దాటిన పాశ్చాత్య ట్యాంకులు ఆగిపోయే పల్లెటూరి వంతెన మీద ఇది వెళ్లిపోతుంది. చలికి బ్యాటరీలు చచ్చినా సీసాల్లో నింపిన గాలితో ఇంజిన్ లేపొచ్చు. ముందు భాగం కింద మడిచి ఉండే పార ఉంటుంది, దాన్ని దించి ముందుకీ వెనక్కీ నడిపితే నేల మెత్తగా ఉన్నచోట అరగంట అటూ ఇటుగా తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. లోపలి ట్యాంకుల్లో 1200 లీటర్లు, వెనక తగిలించే రెండు 200 లీటర్ల పీపాలు, రోడ్డు మీద 700 కిలోమీటర్ల దాకా లాగుతుంది. పీపాలను పోరుకు ముందే వదిలించుకోవాలి. వాటిని ఉంచుకుని ముందుకు వెళ్లడం తెలిసి తెలిసి వీపుకు మంట కట్టుకోవడమే.

ఇక అసలు విషయం, గుండ్లు ఎక్కడ కూర్చుంటాయన్నది.

గన్నర్, కమాండర్ కాళ్ల కింద నేల మట్టంలో గుండ్రంగా తిరిగే పళ్లెం ఉంటుంది. అందులో 22 గదులు. ఒక్కో గదిలో రెండు ముక్కలు, కింద గుండు, దాని పైన ఆ గుండును తోసే పేలుడు మందు నింపిన గొట్టం, అంటే మందు గొట్టం. గన్నర్ రకం ఎంచుకుని మీట నొక్కగానే పళ్లెం తిరిగి ఆ గదిని వెనక్కి తెస్తుంది. ఫిరంగి తనంతట తానే మూడు డిగ్రీల పైచిలుకు లేచి తాళం వేసుకుంటుంది. ఎత్తుడు యంత్రం గదిని పైకి లేపాక తోపుడు గొలుసు ముందు గుండును, తర్వాత మందును లోపలికి నెడుతుంది. మొత్తం 7-8 సెకన్లు. మందు గొట్టం గోడ కూడా మండిపోయే పదార్థమే, మిగిలేది అడుగున ఉన్న లోహపు గిన్నె ఒక్కటి. అది టరెట్ వెనక చిన్న తలుపులోంచి బయటికి ఎగిరిపోతుంది.

పనిచేసినంతసేపు నాలుగో మనిషి అవసరం లేకుండా చేసే చక్కటి యంత్రం ఇది. ఆగిపోయేది ఎక్కడంటే, మందు గొట్టం తడిసి ఉబ్బినప్పుడు, నలిగి అంచు చిట్లినప్పుడు, గిన్నె సరిగ్గా బయటికి పోనప్పుడు. అప్పుడు పళ్లేన్ని చేత్తో తిప్పి, చేత్తో నింపాలి. నిమిషానికి రెండు గుండ్లు పడితే గొప్ప. అందుకే మందు గొట్టాలను ఎక్కించే ముందు ఒక్కోటీ చేత్తో తడిమి చూడాలి. రంగు మారినదాన్నీ, అంచు మెత్తబడ్డదాన్నీ పక్కన పెట్టాలి. ఈ పనికి విసుగుపడే సిబ్బందికి యంత్రం సరిగ్గా అవసరమైన క్షణంలో మొరాయిస్తుంది.

బండిలో పట్టే గుండ్లు 45 అని కాగితం చెబుతుంది. పళ్లెంలోవి 22. ఎదుటి నుంచి వచ్చే దెబ్బకు అవి అందడం కష్టం, నేలకు అంత దగ్గరగా ఉంటాయి. ప్రాణం తీసేవి మిగతా 23. సీట్ల వెనక, గోడల వెంబడి, ఇంధనపు ట్యాంకుల గుంటల్లో ఎక్కడ చోటుంటే అక్కడ పెట్టినవి. ఒక్క నిప్పురవ్వ వాటిలో ఒక మందు గొట్టానికి తగిలితే మిగతావన్నీ అంటుకుంటాయి. టరెట్ ఎగిరి పక్కన పడ్డ ఫోటోలన్నిటి వెనకా ఉన్నది ఈ గొలుసు మంటే. చెచెన్యా రెండో యుద్ధం నాటి నుంచీ అనుభవజ్ఞులు పాటించే నియమం ఒకటుంది: పళ్లెంలో 22, బయట సున్నా. దానికి ధర కూడా ఉంది. 22 అయిపోగానే వెనక్కి రావాలి. పేలుడు గుండు 23 కిలోలు, దాని మందు 10 కిలోలు. అలాంటి 44 ముక్కలను తలుపులోంచి ఒక్కొక్కటిగా దించుకోవాలి. ఆ పని డ్రోన్ల కింద చేయాలి కాబట్టి నింపుకునే చోటును ముందే, చెట్ల కింద, చూసి పెట్టుకోవాలి.

ఈ నియమం దెబ్బ పక్క నుంచో ముందు నుంచో వచ్చే రోజుల్లో పెట్టుకున్నది. పై నుంచి దిగే జావెలిన్ క్షిపణికీ, తెరిచి ఉన్న తలుపు వెతుక్కుంటూ వచ్చే డ్రోన్‌కూ ఆ 22 కూడా అందుతాయి. అమెరికన్ ఎబ్రామ్స్ ట్యాంకులో గుండ్లు విడి అరలో ఉంటాయి, పేలితే మంట పైకప్పు పలకలను ఊడగొట్టుకుని బయటికి పోతుంది. ఇక్కడ గుండ్లకూ మనుషులకూ మధ్య గోడ లేదు. తర్వాతి తరం ట్యాంకు టి-90ఎంలో రష్యన్లు అదనపు గుండ్లను టరెట్ వెనక బయటి పెట్టెలోకి మార్చారు, కానీ కాళ్ల కింది పళ్లెం అక్కడే ఉంది. టరెట్ మీద వెల్డింగ్ చేసిన పంజరాలు కొన్ని డ్రోన్లను ఆపుతాయి, నిజమే. 2024 నుంచి కనిపిస్తున్న రేకుల షెడ్డు తరహా కప్పుల కింద మాత్రం టరెట్ తిరగదు, చూపు ఆనదు, తలుపు సగమే తెరుచుకుంటుంది.

వెనక గేరు మీద రెండు వైపులవాళ్లూ ఒకే మాట అంటారు. ముందుకు ఏడు గేర్లు, వెనక్కి ఒకటి. వెనక్కి వేగం గంటకు సుమారు 4 కిలోమీటర్లు. లెక్క వేసి చూడండి, వంద మీటర్లు వెనక్కి జరగడానికి నిమిషంన్నర. జర్మన్ ట్యాంకు లెపర్డ్-2 అదే దూరాన్ని పన్నెండు సెకన్లలో దాటుతుంది. గుండు పేల్చిన చోటే నిమిషంన్నర కనపడటమంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లేదా బండి తిప్పి పల్చటి వీపు చూపించాలి, పైగా రెండు ట్రాకులూ ఎదురెదురుగా తిరిగి నిలబడ్డచోటే మళ్లే ఏర్పాటు దీనికి లేదు. తెలిసిన డ్రైవర్లు చేసేది ఒకటే: ముందుకు పోయే దారి కంటే ముందు వెనకున్న పది పదిహేను మీటర్లు చూసుకుంటారు. అంత దూరంలో గట్టో, గొయ్యో లేని చోట ఆగరు. 1130 గుర్రాల ఇంజిన్ పెట్టిన 2016 రకంలోనూ ఇది బాగుపడలేదు, ఎందుకంటే లోపం ఇంజిన్‌లో లేదు, గేరు పెట్టెలో ఉంది.

బి3లో అసలు మెరుగుదల సోస్నా-యు అనే గన్నర్ సైటు, అంటే గురి చూసే పరికరం. అందులోని వేడిని చూసే (థర్మల్) కెమెరా మొదట్లో ఫ్రెంచి థేల్స్ కంపెనీది. రాత్రిపూట పాత టి-72తో పోలిస్తే గుడ్డివాడికి చూపొచ్చినట్టే. కానీ దాన్ని గన్నర్ ఎదురుగా కాకుండా ఎడమ పక్కన, పాత రాత్రి సైటు ఉన్నచోట బిగించారు. పాత సైటు ముందే ఉండిపోయింది. అందువల్ల గంటల తరబడి పక్కకు ఒరిగి చూడాలి. కమాండర్‌కు సొంత థర్మల్ చూపు లేదు, పాత టికెఎన్-3 చూపు పరికరంతోనే సరిపెట్టారు. గన్నర్ చూస్తున్నదే తెర మీద చూడగలడు. అంటే గన్నర్ ఒక లక్ష్యాన్ని కొడుతుండగా కమాండర్ రెండోదాన్ని వెతికే పద్ధతి చీకట్లో నడవదు. చిన్న జనరేటరు కూడా లేదు. ఇంజిన్ ఆపి పొంచి ఉంటే సైటు బ్యాటరీలను తాగేస్తుంది, ఇంజిన్ నడిపితే చప్పుడూ వేడీ శత్రువుకు ఆనవాలు పడతాయి.

యుక్రెయిన్‌లో ట్యాంకు ట్యాంకును ఎదుర్కోవడం అరుదు. ఎక్కువగా కనపడని చోట నుంచి, డ్రోను చెప్పే దిద్దుబాటుతో పేలుడు గుండ్లు వేసే చిన్న ఫిరంగిలా వాడుతున్నారు. ఇలా వాడితే ఫిరంగి గొట్టం త్వరగా అరుగుతుంది, గురి మెల్లగా జరుగుతుంది. పాత టి-72లో గురి సరిచూసే పద్ధతి తెలిసినవాళ్లు ఇప్పటికీ దాన్ని వదలరు: గొట్టం మూతి మీదున్న గీతల వెంట రెండు దారాలు అడ్డంగా నిలువుగా గ్రీజుతో అంటించాలి, వెనక గుండును పేల్చే సూది తీసిన రంధ్రంలోంచి చూస్తూ దారాలు కలిసే చుక్కను దూరపు గుర్తు మీదకు తేవాలి, తర్వాత సైటులోని గుర్తును అదే బిందువుకు జరపాలి. బి3లో ఉన్న కొత్త గొట్టానికి దిగకుండానే సరిచూసుకునే ఏర్పాటుంది. అది పాడైన రోజు దారమే దిక్కు.

ఇంతవరకు చెప్పినవి తయారీలోని లోపాలు. సిబ్బందికి వీటికంటే ఎక్కువ కోపం తెప్పించేవి వేరే ఉన్నాయి, కాగితం మీద ఉండి బండిలో లేనివి.

పేలుడు కవచమంటే, వచ్చే దెబ్బకు ఎదురు పేలి దాన్ని చెదరగొట్టేందుకు ట్యాంకు మీద బిగించిన ఇనుప డబ్బాలు. కాంటాక్ట్-1 రకంలో ఒక్కో డబ్బాలో 4ఎస్20 అనే రెండు పేలుడు పలకలుండాలి. పలకలు లేకపోతే అది ఖాళీ రేకు. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. 1994 డిసెంబర్ 31న చెచెన్యా రాజధాని గ్రోజ్నీలోకి దూసుకెళ్లిన రష్యన్ ట్యాంకుల్లో చాలావాటి డబ్బాల్లో పలకలు లేవు. పలకలు గిడ్డంగిలో ఉన్నాయి, యుద్ధం కోసమని విడిగా దాచారు, పై నుంచి తొందర. 131వ మైకోప్ బ్రిగేడ్ తెచ్చిన 26 ట్యాంకుల్లో 20 పోయాయి. అందుకే ట్యాంకు చేతికొచ్చిన రోజు చేయాల్సిన మొదటి పని డబ్బాల మూతలు విప్పి చూడటం. నమూనాకు రెండు మూడు కాదు, అన్నీ. తర్వాత మంటలార్పే సీసాల బరువు, రేడియో, వాయు వడపోత. ఈ నాలుగూ చూడకుండా సంతకం పెట్టే కమాండర్ తన వెంట ఉన్న ఇద్దరి తరఫున కూడా పెడుతున్నాడు.

రేడియో అన్నాను కాబట్టి. 2022లో రష్యన్ బలగాల చేతుల్లో బజారులో దొరికే చైనా వాకీటాకీలు కనపడ్డాయి, వాటి మాటలు ఎవరైనా వినొచ్చు. ఆ సైన్యపు సమాచార విభాగానికి అధిపతిగా ఉన్న వదీమ్ షమారిన్‌ను 2024 మేలో పట్టుకున్నారు. పెర్మ్‌లోని టెలిఫోను కర్మాగారం నుంచి 3.6 కోట్ల రూబుళ్ల లంచం తిన్నందుకు 2025లో ఏడేళ్ల శిక్ష పడింది. నిర్మాణాలు చూసిన ఉప రక్షణ మంత్రి తిమూర్ ఇవనోవ్‌కు 13 ఏళ్లు. అవతలి వైపూ చేతులు శుభ్రంగా లేవు. లక్ష మోర్టారు గుండ్ల కోసం యుక్రెయిన్ రక్షణ శాఖ 2022 ఆగస్టులో చేసుకున్న ఒప్పందంలో సుమారు 150 కోట్ల హ్రీవ్నియాలు పక్కదారి పట్టాయనీ, ఒక్క గుండూ రాలేదనీ 2024 జనవరిలో వాళ్ల భద్రతా సంస్థే బయటపెట్టింది. తేడా ఉంటే ఇందులో ఉంది: అక్కడ యుద్ధం మధ్యలోనే పత్రికలు ఈ లెక్కలు తవ్వాయి, ధరల గొడవ మొదలైన ఏడాదే రక్షణ మంత్రి రెజ్నికోవ్ కుర్చీ దిగాల్సి వచ్చింది.

మన దగ్గరి సంగతి వేరే కోణం చూపిస్తుంది. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు మాజీ చైర్మన్ మీద 2009లో సీబీఐ పెట్టిన లంచం కేసు కారణంగా 2012 మార్చిలో ఆరు కంపెనీలను పదేళ్లపాటు నిషేధించారు. ట్యాంకును ఛేదించే 125 మిల్లీమీటర్ల గుండ్లకు మనం ఆధారపడిన ఇజ్రాయెలీ సంస్థ వాటిలో ఒకటి. అదే నెల సైన్యాధిపతి వి.కె. సింగ్ ప్రధానికి రాసిన లేఖ బయటికొచ్చింది. శత్రు ట్యాంకులను ఓడించే కీలకమైన గుండ్లు మన ట్యాంకు దళానికి లేవని అందులో ఉంది. లంచం తిన్నా గన్నర్‌కు గుండు రాదు, లంచం తిన్నవాణ్ణి శిక్షించే పద్ధతిలో ప్రత్యామ్నాయం ఆలోచించకపోయినా రాదు. రెండు దారులూ అదే ఖాళీ గదికి చేరతాయి.

తెలుగు నేలకు ఈ బండ్లతో సంబంధం తక్కువేం కాదు. ఎద్దుమైలారంలో సైనికులను మోసే బీఎంపీ-2 శరత్ కవచ బండ్లు తయారవుతాయి. అర్జున్ ట్యాంకుకు వేసే కంచన్ కవచం హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌లో పుట్టింది. టి-90 గొట్టంలోంచి పేల్చే ఇన్వార్ క్షిపణిని భారత్ డైనమిక్స్ (బీడీఎల్) చేస్తుంది. ఈ కర్మాగారాల గేటు దగ్గర తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ ఒక లాటును వెనక్కి పంపితే ఆ నెల ఉత్పత్తి లెక్క తగ్గుతుంది, పై నుంచి ఫోన్లు వస్తాయి. ఆ మనిషిని ఉత్పత్తి లక్ష్యాలు చూసే అధికారి కింద పెట్టకూడదు.

2025 మార్చిలో అజేయకు 1000 గుర్రాల ఇంజిన్ల కోసం రష్యాతో 24.8 కోట్ల డాలర్ల ఒప్పందమైంది. ఇప్పుడున్నది 780 గుర్రాలది. ఎడారి ఇసుకలో లాగుడుకు ఇది మేలే. కానీ ఇంజిన్ మారిస్తే వెనక గేరు మారదు, గుండ్లు కూర్చునే చోటు మారదు, రాత్రి చూపు మారదు. నా లెక్కలో ఖర్చు వరుస వేరు: ముందు గన్నర్‌కూ కమాండర్‌కూ విడివిడి థర్మల్ సైట్లు, తర్వాత ఇంజిన్ ఆపినా సైటు నడిపే చిన్న జనరేటరు, ఆ తర్వాత ఇంజిన్, అదీ గేరు పెట్టెతో కలిపి. ఒప్పందంలో ఒక షరతు తప్పకుండా రాయించాలి. ప్రతి లాటు నుంచి గుండ్లను, సైట్లను కర్మాగారం ఏరి ఇవ్వడం కాదు, వాటిని వాడబోయే రెజిమెంటు నుంచి వచ్చిన గన్నర్ తన చేత్తో ఏరి, పేల్చి చూసి, అతను సంతకం పెట్టాకే బిల్లు కదలాలి.