తెల్లకర్రతో బెజవాడ: గది, దారి, భోజనం

నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఉద్యోగం పని మీద విజయవాడ వెళ్తూ, పని అయ్యాక ఊరు కూడా తిరగాలని ఒంటరిగా బయలుదేరాను. నాలాగే తెల్లకర్రతో వచ్చేవారికీ, వారికి గదులు, భోజనాలు, ఆటోలు సమకూర్చేవారికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

గవర్నరుపేటలో మొదట అడిగిన లాడ్జిలో నాకు గది ఇవ్వలేదు. గదులు లేక కాదు. "మీతో ఎవరూ లేరు కదండీ, ఏమైనా జరిగితే మా మీదకు వస్తుంది" అన్నారు. ఆధార్ కార్డు, అద్దె డబ్బు రెండూ చేతిలోనే ఉన్నాయి. మెట్ల మీద కాలు జారడం చూపున్నవారికీ జరుగుతుంది. వారినెవరూ తోడు తెచ్చుకోమనరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి వివక్ష కూడదంటోంది. ప్రభుత్వమైనా ప్రైవేటైనా సేవలందించేవారు అందుబాటు నిబంధనలు, అంటే దివ్యాంగులు కూడా వాడుకోగలిగేలా ఉండాలన్న నిబంధనలు, పాటించి తీరాలని దాని 46వ సెక్షన్ చెబుతోంది. మొదటిసారి ఉల్లంఘిస్తే 10 వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా. ఈ మాటే మర్యాదగా చెప్పాను. "ఓనరు గారితో మాట్లాడుకోండి" అన్నారు కానీ ఆయన నంబరు మాత్రం ఇవ్వలేదు. ప్రయాణం చేసి వచ్చిన ఒళ్లు, వాదించే ఓపిక లేక పక్క వీధికి నడిచాను.

అక్కడ దొరికిన లాడ్జి చిన్నది, పాతది. అయినా మళ్లీ వస్తే అక్కడే దిగుతాను. కౌంటరులో ఉన్నాయన నా పేరు నన్నే అడిగారు, సంతకం చేయాల్సిన చోట స్కేలు అడ్డం పెట్టి ఇచ్చారు. గది చూపించడానికి వచ్చిన కుర్రవాడు, "సార్, మీరు నా మోచెయ్యి పట్టుకుంటారా, నేను ముందు మాట్లాడుతూ నడవనా?" అని అడిగాడు. రెక్క పట్టుకుని లాక్కెళ్లేవారే ఎక్కువగా తగిలే నాకు ఆ ప్రశ్నతోనే సగం అలసట తీరింది. ఏ స్విచ్ ఫ్యానుదో, ఏది గీజరుదో ఒక్కొక్కటీ నాచేత నొక్కించాడు. వేడినీళ్ల కుళాయి ఎటువైపు తిప్పాలో చెప్పాడు. షాంపూ పొట్లం, కొబ్బరినూనె పొట్లం చేతికి ఒకేలా ఉన్నాయంటే, నూనె పొట్లానికి రబ్బరు బ్యాండు చుట్టి పెట్టాడు. ఇందులో పైసా ఖర్చయ్యే పని ఒక్కటీ లేదు.

ఆ లాడ్జి లిఫ్టులో మీటలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, లెక్కపెట్టి నొక్కుకోవచ్చు. నేను పని మీద వెళ్లిన కొత్త భవనంలో అలా కాదు. అద్దంలా నున్నటి పలక. ఏ అంకె ఎక్కడుందో వెతకడానికి వేలు ఆనించామా, ఆ అంతస్తుకు నొక్కేసినట్టే. అన్ని అంతస్తుల్లోనూ ఆగుతుంది, ఏ అంతస్తో నోరు విప్పి చెప్పదు. 2005లో రాజీవ్ రతూరి అనే చూపు లేని పౌరుడు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఒక మాట తేల్చింది: అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే కుదరదు, తప్పనిసరి నిబంధనలు కావాలి. కొత్తగా కట్టేవారు ఇప్పుడే మాట్లాడే లిఫ్టు పెట్టుకుంటే తర్వాత పగలగొట్టే పని ఉండదు.

గాంధీనగర్‌లో టిఫిను బాగుంది. బల్ల మీద అంటించిన కోడ్ స్కాన్ చేస్తే వచ్చిన మెనూ ఉత్త ఫోటో, నా ఫోను దాన్ని చదవలేకపోయింది. సర్వరు మాత్రం ధరలతో సహా చదివి వినిపించి, పళ్లెాన్ని గడియారంలా అనుకుని "చట్నీ మూడు గంటల వైపు, కారప్పొడి తొమ్మిది గంటల వైపు" అని పళ్లెం పరిచయం చేశారు. డబ్బు ఫోను నంబరుకు పంపాను. కౌంటరులోని స్పీకరు మొత్తాన్ని తెలుగులో పైకి చెప్పింది. చూపు లేనివారి కోసం పెట్టింది కాకపోయినా, మాకు ఇంత మేలు చేసిన పరికరం ఈమధ్య మరొకటి రాలేదు. నోట్లతో అయితే తంటాయే. 100, 200, 500 నోట్ల వెడల్పు ఒకటే, పొడవులో వరుసగా 4 మిల్లీమీటర్లే తేడా. అంచున ఉండే ఉబ్బెత్తు గీతలు నాలుగు చేతులు మారేసరికి అరిగిపోతాయి.

బీసెంట్ రోడ్డులో కర్రతో ఒంటరిగా నడవమని చెప్పను. బళ్ల మధ్య దారి వెతుక్కోవాలి. సిటీ బస్సులో కండక్టరు ప్రతి స్టేజీ పేరూ బిగ్గరగా పిలిచారు. ఇంద్రకీలాద్రి మీద దర్శనం బాగా జరిగింది. కానీ క్యూలో ఒకావిడ "చూపు ఇమ్మని మొక్కుకో నాయనా" అంది. నేను మా అమ్మ ఆరోగ్యం కోసం మొక్కుకున్నాను.

ఎక్కువసేపు గడిపింది ఉండవల్లి గుహల దగ్గర. ఊళ్లో ఉన్న మిత్రుడు తోడు వచ్చాడు. ఆటోలో ప్రకాశం బ్యారేజి దాటుతుంటే గాలి మారడం, కింద గేట్ల నీటి హోరు తెలిశాయి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజి పొడవు 1.2 కిలోమీటర్ల పైమాటే. గుహల మెట్లు ఎగుడుదిగుడు, కర్ర తప్పనిసరి. కొండను తొలిచి కట్టిన నాలుగు అంతస్తుల్లో ఒకదానిలో అనంత పద్మనాభుడు పడుకుని ఉంటాడు. రక్షిత కట్టడం కాబట్టి విగ్రహాన్ని తాకకూడదు, ఆ నియమం సరైనదే. మరి నాకు తెలిసేదెలా? మిత్రుడు స్వామి తల దగ్గర మొదలుపెట్టి, మాట్లాడుతూ పాదాల దాకా నడిచాడు. నిలబడ్డ చోటే ఉండి ఆ గొంతు దూరమవుతుంటే ఐదు మీటర్ల పైచిలుకు రాయి ఎంతో నాకు అర్థమైంది. "ఇంకా అయిపోలేదా?" అని అడిగాను.

అయినా శేషుడి పడగలు ఎలా విప్పుకున్నాయో, స్వామి చెయ్యి ఎలా ఉందో గొంతు చెప్పలేదు. ఢిల్లీ జాతీయ మ్యూజియంలో 2015లో 'అనుభవ్' పేరుతో తాకి చూసే గ్యాలరీ తెరిచారు. శిల్పాల నకళ్లను చేతులతో తడిమి తెలుసుకోవచ్చు. ఉండవల్లి ముంగిట అలాంటి నకలు ఒక్కటి, పక్కన తెలుగు బ్రెయిలీలో నాలుగు వాక్యాలు పెట్టమని పురావస్తు శాఖకు ఉత్తరం రాశాను. అక్కడికి వెళ్లే చూపున్నవారు కూడా ఇదే అడుగుతూ తలా ఒక ఉత్తరం రాయండి. మాకంటే మీరే ఎక్కువమంది కదా.