లోరాంట్ దారా, బుజాన్‌స్కీ దారా: ఏది మేలు?

1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించిన హంగరీ ఫుట్‌బాల్ జట్టు అనగానే పుష్కాష్, హిదెగ్‌కుతి గుర్తొస్తారు. గోల్స్ కొట్టినవాళ్ల పేర్లే మిగలడం మామూలే. ఆ రోజు వెనక కాపు కాసిన డిఫెండర్లు యెనో బుజాన్‌స్కీ, గ్యులా లోరాంట్ తర్వాత ఇద్దరూ కోచ్‌లయ్యారు. ఒకరు తన క్లబ్బును వదల్లేదు, ఇంకొకరు ఎక్కడా కుదురుగా నిలవలేదు.

ఆనాటి జట్టులో తక్కినవాళ్లంతా బుడాపెస్ట్ పెద్ద క్లబ్బుల ఆటగాళ్లు. బుజాన్‌స్కీ మాత్రం బొగ్గు గనుల ఊరు డొరోగ్‌కే ఆడుతూ దేశం తరఫున 49 మ్యాచ్‌లు ఆడారు. ఆట మానేశాక కోచింగూ అక్కడే. తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్యకు ఉపాధ్యక్షుడయ్యారు. 2015లో 89 ఏళ్లకు కన్నుమూశారు. డొరోగ్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఇంత గౌరవం, ఇంత నెమ్మది ఎంతమంది కోచ్‌లకు దక్కుతాయి?

లోరాంట్‌కు నెమ్మది ఎక్కడిది! 1949లో దేశం దాటబోయారని నిర్బంధ శిబిరంలో పెడితే, జాతీయ కోచ్ గుస్తావ్ షెబెష్ పూచీ పడి బయటికి తెచ్చారు. కోచ్‌గా పశ్చిమ జర్మనీ చేరాక కైజర్స్‌లాటర్న్, డూయిస్‌బర్గ్, కొలోన్ క్లబ్బులు... ఎప్పుడూ పెట్టే సర్దుకోవడమే. గ్రీస్‌లో పావోక్ క్లబ్బుకు 1976లో మొట్టమొదటి లీగ్ టైటిల్ అందించారు. అదే ఏడాది సీజన్ మధ్యలో జర్మన్ క్లబ్బు ఫ్రాంక్‌ఫర్ట్ పగ్గాలు పట్టి, జట్టును నాలుగో స్థానానికి లాక్కొచ్చారు.

అసలు విషయం అక్కడుంది. జర్మనీలో అప్పుడు ఒక్కో డిఫెండర్ ఒక్కో ప్రత్యర్థిని అంటిపెట్టుకుని తిరిగేవాడు. లోరాంట్ మాత్రం మనిషిని కాదు, మీ జాగాను కాయండి అన్నారు. డిఫెండర్‌గా ఆడిన బుర్రకే తట్టే ఆలోచన ఇది.

1977 చివర్లో మ్యూనిక్ క్లబ్బు బయర్న్, ఫ్రాంక్‌ఫర్ట్ తమ కోచ్‌లను ఒకరికొకరు మార్చుకున్నాయి. లోరాంట్ మ్యూనిక్ వెళ్లారు. బయర్న్ ఆ సీజన్‌లో 12వ స్థానంతో సరిపెట్టుకుంది. మరుసటి డిసెంబర్‌లో డ్యూసెల్‌డార్ఫ్ చేతిలో 7-1తో చిత్తయ్యాక లోరాంట్ ఉద్యోగం ఊడింది. 1981లో మళ్లీ పావోక్ కోచ్‌గా ఉంటూ, మ్యాచ్ నడుస్తుండగా గుండెపోటుతో బెంచీ మీదే పోయారు. వయసు 58.

బతుకు లెక్కన బుజాన్‌స్కీ దారే మేలు, అందులో వాదన లేదు. కోచ్‌గా మాత్రం నా ఓటు లోరాంట్‌కే. బయర్న్‌లో ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న హంగేరియన్ పాల్ చెర్నై ఆ కుర్చీ ఎక్కి, అదే జాగా కాపలా పద్ధతితో 1980లో, 1981లో వరుసగా లీగ్ గెలిచారు.