గోదావరి లంకలో మా టెక్స్ట్ ఆర్‌పీజీ: డిస్కార్డ్‌లో కొన్నేళ్లు నడిపాక

టెక్స్ట్ రోల్‌ప్లే ఆట (ఆర్‌పీజీ) అంటే తలా ఒక పాత్ర తీసుకుని, దాని మాటలు, పనులు రాస్తూ కథ నడపడం. దాన్ని మొదలుపెట్టడం తేలిక. నెల తిరిగేసరికి అందులో మనుషుల్ని నిలుపుకోవడమే కష్టం. డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో తెలుగులో ఇలాంటి ఆట నడపడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. మా గుంపులో అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు వాళ్లే ఎక్కువ. ఒకాయన భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద ఉంటారు. రాత్రంతా చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు చూసుకుంటూ మేలుకునే ఉంటారు కాబట్టి ఆయన పోస్టులన్నీ తెల్లవారుజామునే వస్తాయి. ఒకావిడ కువైట్‌లో పని చేస్తారు. డిగ్రీ చదివే కుర్రాళ్లున్నారు, రిటైరైన తెలుగు మాస్టారు ఒకరున్నారు. వీళ్లందరినీ ఒకే టైముకి కూర్చోబెట్టడం జరిగే పని కాదు. అందుకే ఎవరికి వీలైనప్పుడు వాళ్లు రాసే పద్ధతి పెట్టుకున్నాం. ఈ సమీక్షలో డిస్కార్డ్ గురించి కొంతే ఉంటుంది, దాంట్లో మేం ఆడిన తీరు గురించి ఎక్కువ ఉంటుంది.

కథ 1986 ఆగస్టు వరద రోజుల్లో ఒక లంక గ్రామంలో నడుస్తుంది. ఊరు మేం కల్పించుకున్నదే. సరంగు (పడవ నడిపేవాడు), అతని కూతురు, కొబ్బరి దింపు తీసే మనిషి, స్కూలు మాస్టారు, పాల వ్యాపారి, ఇలా పాత్రలు. రాక్షసులు, మంత్రాలు లేకుండా ఎవరు ఆడతారని మొదట్లో కొందరు అన్నారు. కానీ వరద చూసి పెరిగినవాళ్లకి దాన్ని వివరించి చెప్పక్కర్లేదు. ఎర్రనీరు వచ్చిందని ఒక్క ముక్క రాస్తే చాలు, తర్వాత ఏం చేయాలో అందరికీ తెలుసు.

పోస్టుల మీద నడిచే ఆటలో తొందర ఉండదు. ఇవాళ రాయకపోతే రేపు రాయొచ్చు, రేపటిది ఎల్లుండికి పోతుంది, చివరికి మనిషే కనపడడు. మేం ధవళేశ్వరం నీటిమట్టాన్ని ఆటకు గడియారంగా పెట్టుకున్నాం. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు డెల్టాలో చిన్నపిల్లలకూ అర్థమవుతాయి. ప్రతి ఆదివారం ఆ వారం ఎంత పెరిగిందో ఒక చిన్న రేడియో వార్తలాగా పెడతాను. రెండో హెచ్చరిక దాటితే పంటు (మనుషుల్ని రేవు దాటించే పెద్ద పడవ) తిరగదు. మూడోది దాటితే లంకలోకి దారే ఉండదు. అప్పటిదాకా నెమ్మదిగా రాసేవాళ్లు కూడా 13 అడుగులు చూసేసరికి టెన్షన్ పడి పోస్టు పెట్టడం ఎన్నిసార్లు చూశానో.

ఇక పాచికల సంగతి. పాత్ర చేయబోయిన పని అవుతుందో లేదో తేల్చేది అవే. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చాలా ఆటలు ఆగిపోయేది ఇక్కడే. ఇరవై ముఖాల పాచిక వేసి గెలుపా, ఓటమా అని చూసే పద్ధతి ఎదురెదురుగా కూర్చుని ఆడేవాళ్లకి బాగుంటుంది. ఓడిపోతే మళ్లీ వేస్తారు, నిమిషంలో తేలిపోతుంది. పోస్టుల ఆటలో అలా కుదరదు. రెండు రోజులు ఎదురుచూసి, పోస్టు రాసి, పాచిక వేస్తే, "తలుపు తెరుచుకోలేదు" అని జవాబొస్తుంది. ఏమీ జరగలేదన్నమాట. ఇలా రెండుసార్లు జరిగితే ఎంత ఇష్టమున్నవాడైనా చల్లబడిపోతాడు. మేం వాడేది మామూలు పాచికలు రెండు. మొత్తం 10 గానీ అంతకు పైన గానీ పడితే అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 పడితే జరుగుతుంది, కానీ దానికి ఏదో ఒకటి వదులుకోవాలి. 6 గానీ అంతకు తక్కువ గానీ పడితే కొత్త ఇబ్బంది వచ్చిపడుతుంది. మొత్తం 36 రకాలుగా పడొచ్చు. అందులో పూర్తి గెలుపు 6, సగం గెలుపు 15, ఇబ్బంది 15. అంటే ఏది పడినా కథ ముందుకు కదులుతుంది. పడవ తాడు తెగకుండా కట్టాడు, కానీ చెయ్యి నలిగింది. ఆ చెయ్యి చూసి కట్టు కట్టడానికి ఇంకో ఆటగాడికి పని దొరుకుతుంది.

ఆ పని దొరకడమే అసలు విషయం. కథ ఎంత బాగున్నా, తను రాయబోయే మాట కోసం ఇంకొకరు ఆగి ఉన్నారని తెలియకపోతే మనిషి నిలబడడు. మా దగ్గర చక్కగా రాసేవాడు ఒకడుండేవాడు. మబ్బులు, గోదావరి, పాత్ర మనసులో దిగులు, అన్నీ అందంగా రాసి, చివర్లో పాత్ర పడుకుని నిద్రపోయేది. చదివినవాళ్లు లైకు కొట్టి వెళ్లిపోయేవారు, జవాబు రాయడానికి ఏమీ ఉండేది కాదు. అదే రోజుల్లో కువైట్ ఆవిడ పాత్ర ఇలా అడిగింది: "సరంగు గారూ, నీళ్లు ఎర్రబడిపోయాయండి. పశువుల్ని అవతలి గట్టుకి దాటించేద్దామంటారా, మీ అమ్మాయి వచ్చేదాకా ఆగమంటారా?" రెండు వాక్యాలే. కానీ సరంగు జవాబు చెప్పాలి, అమ్మాయి ఎక్కడుందో ఆ పాత్ర రాసేవాళ్లు చెప్పాలి, పశువులు ఎవరివో వాళ్లూ రావాలి. ఒక్క పోస్టుతో ముగ్గురు కదిలారు. అప్పటినుంచి మా నియమం ఒకటే: పోస్టు చివర ఇంకొకరి పేరు, వాళ్లు చేయగలిగిన పని ఉండాలి.

పోస్టులు లెక్కపెట్టి పాయింట్లు ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. దానివల్ల రాత పెరుగుతుంది గానీ ఆట పెరగదు. మేం వారానికోసారి ఒకే ప్రశ్న అడుగుతాం: ఎవరి పోస్టు చూసి మీకు రాయాలనిపించింది? ఎక్కువమంది పేరు చెప్పినవాళ్లకి ఒక పాచిక మళ్లీ వేసుకునే వీలు ఇస్తాం.

డిస్కార్డ్‌లో నైట్రో (డబ్బు కట్టే చందా) కొనకపోతే ఒక మెసేజీకి 2000 క్యారెక్టర్లే. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి, 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే ఆరు పోతాయి. అందుకని మనకు చోటు ఇంకా తక్కువ. నాకైతే ఇది మంచిదే అనిపిస్తుంది, ఆ లోపు రాసిందే అందరూ చదువుతారు. టప్పర్‌బాక్స్ అనే బాట్ (దానంతటది పనిచేసే చిన్న ప్రోగ్రాం) తప్పకుండా పెట్టుకోండి. దాంతో మన పేరుకి బదులు పాత్ర పేరు, బొమ్మ కనిపిస్తాయి. మామూలుగా గ్రాంథికం తప్ప రాయని మా మాస్టారు, పాల వ్యాపారి పేరు మీద "ఆయ్, అలాగేనండి" అని రాయడం మొదలుపెట్టింది ఆ బాట్ వచ్చాకే. టైమ్‌స్టాంప్ కోడ్ పెడితే గడువు ఎవరి గడియారం ప్రకారం వాళ్లకి కనిపిస్తుంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి ఇది బాగా పనికొస్తుంది. థ్రెడ్లు (విడివిడిగా తెరుచుకునే చిన్న చర్చలు) కొంతకాలం కదలకపోతే లిస్టులోంచి తప్పుకుంటాయి, కాబట్టి ఆ గడువును వారానికి మార్చుకోవాలి. ఒక్కో థ్రెడ్‌లో ముగ్గురికి మించి పెట్టకండి. అందరికీ కలిపి పింగ్ (పిలిచే నోటిఫికేషన్) కొట్టకండి, రెండోసారికే మ్యూట్ చేసేస్తారు. ఎవరి జవాబు కావాలో వాళ్లనొక్కరినే పిలవాలి.

ఇలాంటి ఆటలకు దారి వేసినవాటిలో ఒకటి 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ చేసిన మడ్ అనే, కంప్యూటర్‌లో చాలామంది కలిసి ఆడే టెక్స్ట్ ఆట. ఆటగాళ్లు నాలుగు రకాలని బార్టిల్ 1996లో రాశారు: సాధించేవాళ్లు, అన్వేషించేవాళ్లు, కలిసిమెలిసి ఉండేవాళ్లు, ఇతరుల మీద పడేవాళ్లు. నలుగురూ మా గుంపులో ఉన్నారు. వీళ్లు కాక, రోజూ చదువుతూ ఏమీ రాయనివాళ్లున్నారు. వాళ్లని తీసేయాలని చాలామంది సలహా ఇస్తారు. నేను తీయను. వాళ్ల పాత్రను ఊళ్లో ఎక్కడో ఒకచోట బతికించి ఉంచితే, ఏదో ఒక రోజు తిరిగొస్తారు.

మనిషి రాకపోతే ఏం చేయాలి? 48 గంటలు చూసి, ఆ పాత్రను పక్కకు జరిపి కథ నడిపిస్తాం. చంపడం మాత్రం చేయం. ఒకరి తర్వాత ఒకరు రాయాలనే వరస పెట్టుకుంటే ఒకరు ఆగినప్పుడు అందరూ ఆగుతారు, అందుకే వరస లేదు. సంక్రాంతికి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎవరూ రాయరు. ఆ వారం ముందే సెలవు అని చెప్పేస్తాం. సెలవని తెలిస్తే తిరిగొస్తారు. చెప్పకుండా ఆగితే అలవాటు తప్పిపోతుంది. 2022 మే చివర్లో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆగినప్పుడు, బయట ఉన్నవాళ్లు కథను కదపకుండా, లంకలో చిక్కుకున్న పాత్రలకు ఉత్తరాలు రాసిపెట్టారు. నెట్ రాగానే ఒక్కొక్కరికీ తమ పేరు మీద ఉత్తరం కనిపించింది. ఆ వారంలో వచ్చినన్ని పోస్టులు మా గుంపులో మళ్లీ రాలేదు.

ఏఐతో ఒంటరిగా ఆడే టెక్స్ట్ ఆటలూ చూశాను. జవాబు క్షణంలో వస్తుంది, తెలుగు కూడా ఫర్వాలేదు. కానీ మనం వారం రాయకపోయినా అక్కడ ఎవరికీ ఏమీ అనిపించదు. నాకు రెండు రోజులకే ఆసక్తి పోయింది.

డబ్బు కట్టాల్సిన అవసరం మాకు ఇప్పటిదాకా రాలేదు, ఉచితంగా ఉన్నది సరిపోతోంది. వచ్చే కథ ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలైన 1847లో పెడుతున్నాం. పాచికలు అవే, థ్రెడ్‌కి ముగ్గురూ మామూలే. గడువు మాత్రం 48 నుంచి 72 గంటలకు పెంచుతున్నాం, కార్తీకంలో సగంమందికి వరి కోతలుంటాయి.