హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా?

ఫోటోలు, ఫైళ్లు, విండోస్‌తో సహా కంప్యూటర్‌లో శాశ్వతంగా నిల్వ ఉండేవన్నీ స్టోరేజ్‌లోనే ఉంటాయి కాబట్టి, కర్నూలులో మొదటిసారి కంప్యూటర్ కొనేవారు ముందుగా తేల్చుకోవలసింది ఆ స్టోరేజ్ హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా (సాలిడ్ స్టేట్ డ్రైవ్) అన్నదే.

వేగం: హార్డ్ డిస్క్‌లో అయస్కాంత పూత గల పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుండగా, ఒక సన్నని చేయి వాటిపై కదులుతూ సమాచారాన్ని చదువుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు, అన్నీ చిప్‌లే. అందుకే స్విచ్ వేసిన కొద్ది సెకన్లలోనే తెర సిద్ధమవుతుంది.

ధర: ఒకే సామర్థ్యానికి ఎస్‌ఎస్‌డీయే ఖరీదు.

అమరిక: పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసిన చోటే సాధారణంగా 2.5 అంగుళాల సాటా (డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపే ఒక రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది.

ప్రమాదం: నడుస్తుండగా కుదుపు తగిలితే హార్డ్ డిస్క్ దెబ్బతినవచ్చు. అయితే అది చెడిపోయే ముందు తరచూ టకటకమని శబ్దం చేసి హెచ్చరిస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఒక్కోసారి చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది, అప్పుడు డేటాను తిరిగి రాబట్టడం మరింత కష్టం. అమ్మేవారు ఈ సంగతి సాధారణంగా ఎత్తరు.

ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని అనంతపురం జేఎన్‌టీయూకు రోజూ బస్సులో వెళ్లే విద్యార్థికి ఎస్‌ఎస్‌డీ తగినది. పెళ్లి వీడియోలను టెరాబైట్ల కొద్దీ దాచే కడప స్టూడియోకు హార్డ్ డిస్కే గిట్టుబాటు. డీటీపీ దుకాణదారు మాత్రం విండోస్‌ను 256 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఉంచి, పాత ఫైళ్లను హార్డ్ డిస్క్‌కు వదలడం మేలు.